ప్లగ్గు దగ్గర లెక్క

మన సుంగై సిపుట్ పేరులోనే నీరు ఉన్నది. మలయు భాషలో సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. ఈ పాఠము కూడా నీటితోనే మొదలుపెడదాము.

కువాల కంగ్సార్‌కు ఎగువన పేరాక్ నదికి అడ్డముగా చెందెరో ఆనకట్ట ఉన్నది. అక్కడ 1930లో విద్యుత్తు తీయనారంభించారు. ఆ విద్యుత్తు ముఖ్యముగా కింతా లోయలోని తగరపు గనులకు పోయేది. ఆనకట్ట వెనుక నీరు ఎంత ఎత్తున నిలిస్తే అంత ఒత్తిడితో కిందికి దూకుతుంది గదా! విద్యుత్తులో ఆ ఒత్తిడి వంటిదే వోల్టేజి. దీనిని వోల్టులలో కొలుస్తారు. క్షణక్షణమూ గొట్టములో పారే నీటి వంటిది విద్యుత్ ప్రవాహము. దీని కొలత ఆంపియరు. గొట్టము సన్నగా ఉంటే నీటికి అడ్డు ఎక్కువ. తీగలో విద్యుత్తుకు కలిగే అటువంటి అడ్డును నిరోధము అంటారు. దాని కొలత ఓమ్.

ఓమ్ అన్నది ఒక మనిషి పేరు. జర్మనీ దేశములో బడిపంతులుగా పనిచేసిన గియోర్గ్ సైమన్ ఓమ్ ఈ మూడింటి సంబంధమును 1827లో పుస్తకముగా ప్రకటించాడు. వేడి మారకుండా ఉంటే, తీగలో ప్రవాహము వోల్టేజిని బట్టి పెరుగుతుంది. కనుక,

నిరోధము = వోల్టేజి ÷ ప్రవాహము

ఇక ఒక పరికరము క్షణమునకు ఎంత పని చేస్తుందో చెప్పేది సామర్థ్యము. దీని కొలత వాట్.

సామర్థ్యము = వోల్టేజి × ప్రవాహము

మలేసియాలో ఇండ్లకు వచ్చే విద్యుత్తు పూర్వము 240 వోల్టులు. 2008 నుండి 230 వోల్టులుగా లెక్కిస్తున్నారు. మనము 230తోనే లెక్క చేద్దాము.

ఉగాది ఉదయము వంటింట్లో హడావుడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. నీళ్లు మరిగే కెటిలు 10 ఆంపియర్లు, ఇస్త్రీపెట్టె 5 ఆంపియర్లు, అన్నము వండే కుక్కరు 2.5 ఆంపియర్లు తీసుకుంటున్నాయనుకోండి.

కెటిలు నిరోధము 230 ÷ 10 = 23 ఓములు; సామర్థ్యము 230 × 10 = 2300 వాట్లు.
ఇస్త్రీపెట్టె నిరోధము 230 ÷ 5 = 46 ఓములు; సామర్థ్యము 1150 వాట్లు.
కుక్కరు నిరోధము 230 ÷ 2.5 = 92 ఓములు; సామర్థ్యము 575 వాట్లు.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగండి. "అడ్డు ఎక్కువైతే వేడి ఎక్కువ" అని చాలామంది పిల్లలు జవాబు వ్రాస్తారు. పై లెక్క చూడండి. అన్నిటికన్నా తక్కువ నిరోధము కెటిలుది, అన్నిటికన్నా ఎక్కువ వేడి కూడా దానిదే. వోల్టేజి ఒక్కటే అయినప్పుడు, అడ్డు తగ్గితే ప్రవాహము పెరుగుతుంది, దానితో సామర్థ్యమూ పెరుగుతుంది.

ఈ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే 10 + 5 + 2.5 = 17.5 ఆంపియర్లు. మన మూడు కాళ్ల ప్లగ్గులో ఉండే పెద్ద ఫ్యూజు 13 ఆంపియర్లది. "ఫ్యూజు పోతుంది, అంతే గదా" అనవచ్చు. కాని 17.5 ఆంపియర్లకు ఫ్యూజు వెంటనే కాలిపోదు, చాలాసేపు ఓర్చుకోగలదు. ఆ సేపంతా తీగ, పిన్నులు వేడెక్కుతూనే ఉంటాయి. ఎంత వేడి? ఇక్కడ మరొక సూత్రము కావాలి:

వేడిగా పోయే సామర్థ్యము = ప్రవాహము × ప్రవాహము × నిరోధము

ఒక పిన్ను వదులై, అక్కడ 0.1 ఓమ్ నిరోధము ఏర్పడిందనుకోండి. కెటిలు ఒక్కటే ఉంటే 10 × 10 × 0.1 = 10 వాట్లు. మూడూ ఉంటే 17.5 × 17.5 × 0.1, అంటే దాదాపు 30 వాట్లు. ప్రవాహము రెండింతలు కూడా కాలేదు, వేడి మూడింతలైంది! సీసము కరిగించి అతికే చిన్న టంకపు కడ్డీలో ఉండే వేడి ఇంచుమించు ఇంతే. అది ప్లగ్గు లోపల, ప్లాస్టిక్కు మధ్యన దాగి ఉంటుంది. ప్లగ్గు పసుపుపచ్చగా మారినా, కాలిన వాసన వచ్చినా కారణమిదే. ఫ్యూజు బదులు తీగముక్క చుట్టడమైతే మరీ చెడ్డ పని. ఆపడానికి ఉన్న కాపలావాణ్ణే తీసివేసినట్లు.

మన ఒంటికి కూడా నిరోధమున్నది. పొడి చర్మానికి ఎక్కువ, తడి చర్మానికి చాలా తక్కువ. తడి చేతితో 1000 ఓములని తీసుకుంటే, 230 ÷ 1000 = 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణరక్షణకు పెట్టే స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లు నేలకు కారగానే విద్యుత్తును ఆపివేసేటట్లు చేస్తారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసి చూడండి. తడి చేతితో స్విచ్చి ముట్టవద్దని అమ్మగారు ఎందుకు కేకలేస్తారో తెలుస్తుంది.

అభ్యాసము

1. స్నానాల గదిలో నీళ్లు కాచే హీటరు మీద "230 వోల్టులు, 3450 వాట్లు" అని ఉన్నది. అది ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది? దానిని 13 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించవచ్చునా?

2. పై కెటిలును 6 నిమిషాలు వాడితే ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి? (1000 వాట్లు ఒక గంట నడిస్తే ఒక యూనిట్టు.)

3. మీ ఇంటి ఇస్త్రీపెట్టె ప్లగ్గును పెద్దలచేత ఊడదీయించి, అది చల్లారిన తరువాత దాని అడుగున అచ్చువేసిన వోల్టులు, వాట్లు వ్రాసుకొని రండి. దాని నిరోధమును తరగతిలో కట్టుదాము.