గజేంద్రుని మొర – పొగాకు విరమణము

తిరుమలకు కాలినడకన పోవు భక్తులు అలిపిరియందు పాదాలమండపము చేరి, స్వామి పాదుకలను శిరసున ధరించి ప్రదక్షిణము చేసి, గోవిందనామము పలుకుచు కొండ నెక్కుదురు. ఆ దివ్యక్షేత్రమున మద్యమాంసములవలెనే పొగాకును నిషిద్ధము. చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా మొదలగునవి క్రిందనే విడిచి పోవలయును. చేతిసంచిలోని పొగాకును విడుచుటకు ఒక్క నిమిషము చాలును. మనస్సులోని పొగాకును విడుచు టెట్లు? అదియే విచారింపదగిన విషయము.

చిత్తూరు ప్రాంతమున పెరటాసి నెలలో తిరుమల శనివారములు పాటించు గృహములు పెక్కు కలవు. అట్టి యింటి యజమాని యొకడు, ఇరువదియేండ్లుగా సిగరెట్టునకు అలవాటుపడినవాడు, నడచి కొండ కెక్కుచున్నాడనుకొందము. 3,550 మెట్ల దారిలో గాలిగోపురము చేరకమునుపే వానికి రొప్పు వచ్చును. మోకాళ్ళపర్వతమున పది మెట్లకొకసారి కూర్చుండును. ఎట్లో కొండ చేరి, తలనీలములు సమర్పించి, స్వామిని దర్శించి, “ఇక పొగత్రాగను” అని కన్నీటితో మ్రొక్కుకొనును. రెండుదినములు నిష్ఠగా నుండును. దిగివచ్చి తిరుపతి బస్టాండు చేరి, బడ్డీకొట్టు కంటబడగానే వాని చేయి తనంతటతానే జేబులోనికి పోవును. ఒకచేత లడ్డుప్రసాదము, మరొకచేత అగ్గిపెట్టె! ఇల్లు చేరునప్పటికి వానికి తనపై తనకే రోత పుట్టును. “స్వామి కిచ్చిన మాట తప్పితిని. నే నిక దేనికిని పనికిరాను” అని క్రుంగిపోవును. క్రుంగినవాడు మరియొకటి వెలిగించును. వ్యసనముకంటె ఈ నిరాశయే ఎక్కువ కీడు చేయును.

ఇట్లేల జరిగినది? శ్రీమద్భగవద్గీత రెండవ అధ్యాయమున దీనికి సమాధానము కలదు. ఆహారము మానినవానినుండి విషయములు తొలగునుగాని వానియందలి రుచి తొలగదనియు, పరమాత్మను దర్శించినపుడే ఆ రుచియు నశించుననియు భగవానుడు బోధించెను. కొండపై తొలగినది విషయము మాత్రమే. రుచి వానితోనే కొండ ఎక్కి, వానితోనే దిగినది. మనస్సు చంచలమని అర్జునుడు మొరపెట్టుకొనగా, అభ్యాసవైరాగ్యములచే దానిని నిగ్రహింపవచ్చునని ఆరవ అధ్యాయమున స్వామి సెలవిచ్చెను. మ్రొక్కు వైరాగ్యము; దానివెంట అభ్యాసము లేకపోవుటయే వాని లోపము.

కొందరు “ఆయుర్వేదమున ధూమపానము చెప్పబడలేదా?” అని వాదింతురు. చరకసంహితలో చెప్పబడినది ఓషధులతో చేసిన వర్తి యొక్క ధూమము, అది చికిత్స. పొగాకు అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చిన మొక్క. ప్రాచీనగ్రంథములలో దాని ప్రసక్తియే లేదు. పొగ త్రాగనివారును గర్వపడ నవసరములేదు. చుట్టను ముట్టని పండితులు సయితము నశ్యపు డబ్బీని మొలలో దాచుకొనిన కాలము కలదు. నశ్యమును, తాంబూలములోని పొగాకును ఆ మకరికి వేఱు పేర్లే.

పొగాకులోని నికోటిన్ అను ద్రవ్యము పొగతోపాటు లోనికి పోయిన కొన్ని సెకండ్లలోనే మెదడును చేరును. మెదడు దానికి అలవాటుపడి, అది అందనపుడు చికాకు, నిద్రలేమి, ఆకలి, ఏకాగ్రత లేకపోవుట మున్నగు బాధలను కలిగించును. ఈ బాధ మొదటి వారమున తీవ్రముగా నుండి, సాధారణముగా మూడు నాలుగు వారములలో తగ్గును. త్రాగవలెనను కోరిక అలవలె లేచి, సాధారణముగా కొద్ది నిమిషములలో దానంతట నదియే అణగును. కావున విడువగోరువాడు జీవితాంతముతో ఒకేసారి పోరాడ నక్కరలేదు. ఆ కొద్ది నిమిషములను దాటించిన చాలును. అది తెలియనివాడు ఆ అల ఎన్నటికిని తగ్గదనుకొని లొంగిపోవును.

ఇచట గజేంద్రమోక్షకథ స్మరింపదగినది. గజేంద్రుడు బలహీనుడు కాడు. క్రీడార్థమై కొలనులో దిగెను. మకరి కాలు పట్టెను. తోడి యేనుగులు లాగియు విడిపింపలేకపోయెను. వేయి సంవత్సరములు స్వశక్తితో పోరాడి, ఆ శక్తి క్షీణించినపుడు, తనవలన కాదని యెరిగి స్వామిని పిలిచెను. మొఱపెట్టుట వాని ఓటమి కాదు. అదియే వాని విముక్తికి ద్వారమయ్యెను. సిగరెట్టును వినోదార్థమై మొదలిడి చిక్కుకొనినవాడును ఇట్టివాడే. “నా అంతట నేనే మానెదను, ఎవరికిని చెప్పను” అనువాడు ఇంకను ఆ వేయి సంవత్సరములలోనే యున్నాడు.

ప్రపత్తికి పెద్దలు ఆరంగములు చెప్పిరి. ప్రపత్తి మోక్షార్థమైనది; ఐహికమైన యొక అలవాటు కొఱకు దానిని తక్కువచేయరాదు. అయినను ఆ యంగముల తీరు ఈ ప్రయత్నమునకును దారి చూపును.

ఆనుకూల్యసంకల్పము మొదటిది. ఒక శనివారమునో, ఏకాదశినో నిర్ణయించి, ఆ దినము ఇంటివారికి ముందుగా తెలుపవలెను. ప్రాతికూల్యవర్జనము రెండవది. ఇంటిలోని పెట్టెలను, అగ్గిపెట్టెలను తీసివేయవలెను. అలవాటుపడిన టీకొట్టుదారి కొన్నాళ్ళు మానవలెను. భోజనానంతరము ఏలకియో, లవంగమో, తులసిదళమో నోటనుంచుకొనవలెను. కోరిక లేచినపుడు నీరు త్రాగి, నాలుగడుగులు నడచి, ఊర్ధ్వపుండ్రములు ధరించునపుడు పలుకు కేశవాది ద్వాదశనామములను మెల్లమెల్లగా పలుమారులు పలుకవలెను. నామము ముగియులోపల అల తగ్గును.

మహావిశ్వాసము మూడవది. శరీరమును ఇందుకు సాక్ష్యమిచ్చును. చివరి సిగరెట్టు తరువాత ఇరువది నిమిషములలోనే గుండెవేగము తగ్గనారంభించును. ఏడాదికి గుండెజబ్బు వలని అపాయము పొగత్రాగువానికున్న దానిలో ఇంచుమించు సగమగును. గోప్తృత్వవరణమనగా రక్షింపుమని కోరుట. స్వామిని కోరినవాడు, స్వామి పంపిన సహాయమును త్రోసిపుచ్చరాదు. వైద్యుని కలిసినచో, అవసరమునుబట్టి నికోటిన్ గమ్ము, పట్టీ, లేక మందులను సూచించును. 1800-11-2356 అను ఉచిత టెలిఫోను నంబరునకు పిలిచినచో శిక్షణ పొందినవారు మాటాడి ధైర్యము చెప్పుదురు. 2016లో ఢిల్లీలో ప్రారంభమైన ఈ సహాయము తరువాత తెలుగు మున్నగు భాషలకును విస్తరించినది. ఈ నంబరు సిగరెట్టు పెట్టెమీదనే ముద్రింపబడియున్నది. బంధించు పెట్టెయే విడుదలకు దారియు చూపుచున్నది!

కార్పణ్యమనగా “నావలన కాలేదు” అని దాపరికము లేక ఒప్పుకొనుట. ఆత్మనిక్షేపమనగా భారమును స్వామిపై నుంచి, నేటిదినమును మాత్రము కాపాడుకొనుట. “ఇక జీవితమున ముట్టను” అను ప్రతిజ్ఞకంటె “నేటి సంధ్యాదీపము వెలుగువరకు ముట్టను” అను నియమము నిలుచును.

ఇంటివారికిని ధర్మము కలదు. విడువయత్నించు వారములలో యజమాని చికాకుపడును. అది వాని స్వభావము కాదు, మకరి పెనుగులాట. తప్పిన దినమున ఎత్తిపొడువక, మఱునాడు మరల మొదలిడుమనవలెను. తాతకొఱకు బీడీకట్ట తెమ్మని పిల్లలను కొట్టునకు పంపరాదు. పదునెనిమిదేండ్లలోపువారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము శాసించుచున్నది. ఇంటిలో త్రాగిన పొగ ఊయలలోని పసిబిడ్డ ఊపిరితిత్తులకును పోవును. ఏ పాపమెరుగని బిడ్డ ఆ ఫలము ననుభవించును.

తప్పినవాని గతి యేమి? శ్రీరంగమున తులసీమాలాకైంకర్యము చేయుచుండిన విప్రనారాయణుడు దేవదేవి మోహమున చిక్కి ఆ కైంకర్యమును విడిచెను. రంగనాథుడు వానిని విడువలేదు. తిరిగివచ్చిన తరువాత ఆయన భాగవతుల పాదములను ఆశ్రయించి, భక్తుల పాదధూళి యను అర్థముగల తొండరడిప్పొడి యను పేరుతో ఆళ్వారులలో నొకడయ్యెను. పడుట వాని చరిత్రకు ముగింపు కాలేదు. లేచినపిదప ఎవరి నడుమ నిలిచెననునదియే ముఖ్యము.

కావున బస్టాండులో మాట తప్పిన యా గృహస్థు మరల కొండకు పోవువరకు ఆగ నక్కరలేదు. ఆ సిగరెట్టును అచ్చటనే నలిపివేసి, ఇల్లు చేరి, జరిగినది భార్యకు చెప్పి, మఱునాటి ఉదయమునుండి మరల మొదలిడవచ్చును. మరుసటి పెరటాసిలో వాడు గాలిగోపురమువద్ద కూర్చుండక, గోవిందనామము పలుకుచు సాగిపోవుగాక. మొఱవిని పరుగున వచ్చిన గజేంద్రవరదుడు, సప్తగిరీశుడు, ఈ మకరి నోట చిక్కిన ప్రతి యింటిని కాపాడుగాక.