నామినీ పేరు: వ్రాయించుట, మార్చుట



పొలము గట్టు తెగిన నాడే సరిచేసికొను రైతు, తన సొమ్మునకు వ్రాయించిన నామినీ పేరును ఏండ్ల తరబడి చూడకుండుట గ్రామములందు తరచుగా కనుచున్నాము. మనము మరణించినచో మన సొమ్మును ఎవరి చేతికీయవలెనో ముందుగా వ్రాసియిచ్చుటయే నామినేషను.

2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వము భారత జీవిత బీమా సంస్థ ద్వారా రైతు బీమాను ప్రవేశపెట్టెను. 18 మొదలు 59 ఏండ్ల వయస్సు గల పట్టాదారు ఏ కారణముచే మరణించినను 5 లక్షల రూపాయలు నామినీకి చెల్లునట్లు ఏర్పాటు చేసెను. ప్రీమియమును ప్రభుత్వమే భరించెను. నామినీ పేరు సరిగా వ్రాయించుట రైతు వంతు. ఒక రైతు తల్లి పేరు వ్రాయించెననుకొందము. తల్లి గతించెను; పేరు మార్పబడలేదు. పిమ్మట రైతును మరణించినచో, అతని భార్య వారసత్వ పత్రములకై కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. ఆ లోపల విత్తనములకును పిల్లల చదువునకును ఆ యిల్లు అప్పు చేయును.

నామినీయే సొమ్మునకు యజమాని యని పలువురు తలంతురు. బ్యాంకు డిపాజిటు విషయమున ఇది పొరపాటు. నామినీ సొమ్ము పుచ్చుకొని వారసులకు అప్పగింపవలసినవాడు. 1984లో సుప్రీంకోర్టు ఒక జీవిత బీమా వ్యాజ్యెమున, భార్య నామినీయైనను తల్లికిని కుమారునికిని భాగము కలదని తీర్పు చెప్పెను. 2015లో బీమా చట్టమును సవరించి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో వారికే హక్కు కలుగునని చేర్చిరి. డిపాజిటులకు అట్టి నియమము లేదు. కావున సొమ్ము ఎవరికి చెందవలెనో నిర్ణయింపగోరువారు వీలునామాయు వ్రాయవలెను.

పెండ్లి, బిడ్డ పుట్టుట, నామినీ మరణము: ఈ మూడు సందర్భములందును కాగితములు తీసి చూడవలెను. గ్రామమున ఒక ఖాతాయు, కుమారుడు కాపురమున్న హైదరాబాదు సంతోష్‌నగరులో మరియొక ఖాతాయు ఉన్నచో, దేనికి దానికి వేరుగా వ్రాయించవలెను. 2025 నవంబరు 1 మొదలు బ్యాంకు డిపాజిటునకు నలుగురు నామినీలను వారివారి శాతములతో వ్రాయించవచ్చును. మైనరు నామినీయైనచో, వాని తరపున సొమ్ము పుచ్చుకొను పెద్దవారి పేరును చేర్చవలెను. వ్రేలిముద్ర వేయువారికి ఇద్దరు సాక్షులు కావలెను. దరఖాస్తునకు రశీదు మరువక పుచ్చుకొనవలెను.

ఈ నెల సంఘమునకు వచ్చునపుడు పాసుపుస్తకమును వెంట తెచ్చి, అందున్న నామినీ పేరేదియో చూపుమని కార్యదర్శిని అడుగుడు. షేరు ధనమునకు వ్రాయించిన పేరును కూడ చూచుకొనుడు. గడియసేపు పని, వెనుక మిగులువారికి ఏండ్ల తిరుగుడు తప్పును.