నీరును ఛాయాచిత్రమును



మన దినచర్యలో నీటికంటె పరిచితమైన వస్తువు మఱియొకటి లేదు. తెల్లవాఱుజామున బావి గిలక చప్పుడు మొదలుకొని రాత్రి కుండపై మూత వేయువఱకు మన చేతులు నీటితోనే మెలగుచున్నవి. అయినను "నీటిబొట్టు నీటిపై బడిన క్షణమున దాని యాకార మెట్లుండును?" అని యడిగినచో నిదానించి చెప్పగలవా రెందఱు? పరిచయము వేఱు, పరిశీలనము వేఱు. ఈ రెంటి నడుమ నున్న యెడమును దాటుటకు మానవునకు దోడ్పడిన సాధనములలో ఛాయాచిత్రము ముఖ్యమైనది. నీరు ఛాయాచిత్రకళ కెట్లు సహాయపడినదో, ఆ కళ నీటినిగూర్చి మన కేమి నేర్పినదో, అందుండి మనము నిత్యజీవితమున గ్రహింపవలసిన దేమో యీ వ్యాసమున విచారింతము.

1. చిత్రమును నిలిపిన నీరు

నేడు సెల్‌ఫోనుతో క్షణములో చిత్రము తీయుచున్నాము. దానికి నీటితో పని లేదు. కాని ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన 1839వ సంవత్సరము మొదలుకొని నూఱేండ్లకు బైగా సామాన్యముగ నీరు లేనిదే చిత్రము లేకుండెను. ఆ పద్ధతి యిట్టిది. వెండి లవణములు పూసిన గాజుపలకపై గాని కాగితముపై గాని వెలుతురు పడినచోట నొక మార్పు కలుగును. ఆ మార్పును కంటికి గనబడజేయుటకై పలకను చీకటిగదిలో నొక ద్రావకమున ముంచెదరు. అప్పటికిని వెలుతురు సోకని వెండి లవణము పలకపై మిగిలియే యుండును. దానిని తొలగింపక వెలుపలికి దెచ్చినచో అదియు గ్రమముగ నల్లబడి చిత్రమును చెఱచును. ఈ లవణమును గరగించు గుణము 'హైపో' యను పదార్థమునకు గలదని జాన్ హెర్షెల్ అను నాంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1819లో గనిపెట్టి, 1839లో దానిని ఛాయాచిత్రములకు వినియోగించెను.

హైపో పని ముగిసిన పిమ్మట మిగిలినది నీటి పని. చిత్రమును పాఱు నీటిలో జాలసేపు గడుగవలయును. తొందరపడి సగము గడిగి యెండబెట్టిన చిత్రము మొదట జక్కగనే యుండును. కొన్ని యేండ్లు గడచునప్పటికి లోపల మిగిలిన హైపో దానిని పసుపు వాఱజేసి, మచ్చలుపెట్టి, మాపివేయును. కొన్ని యిండ్ల గోడలపై ముత్తాతల ముఖములు నేటికిని దెలియుచుండుటకును, కొన్ని యిండ్లలో నవి గుర్తింపరాకుండుటకును గల కారణములలో ఈ కడుగుట యొకటి. ఎవరును మెచ్చుకొనని యా కడపటి పనియే చిత్రమునకు ఆయువు నిచ్చినది.

ఆ హెర్షెలే 1842లో వెండితో బనిలేని మఱియొక పద్ధతిని గనిపెట్టెను. ఇనుప లవణములు పూసిన కాగితముపై నొక యాకు నుంచి, యెండలో బెట్టి, పిదప వట్టి నీటిలో గడిగినచో, ఎండ సోకినచోట చిక్కని నీలవర్ణమును, ఆకు గప్పినచోట దెలుపును నిలుచును. ఇంజనీర్లు బహుకాలము తమ కట్టడపు బటములకు ఈ పద్ధతిచేతనే నకళ్లు తీసికొనిరి. ఇంగ్లండులో అన్నా ఆట్కిన్సు అను విదుషి సముద్రపు నాచుమొక్కలను ఈ రీతిగా గాగితములపై నెక్కించి, తన గ్రంథములోని మొదటి భాగమును 1843లో వెలువరించెను. ఈ పని పదియేండ్లు సాగెను. ఛాయాచిత్రములతో గూడిన గ్రంథములలో మొట్టమొదటిది యిదియే యని చరిత్రకారు లెన్నుచున్నారు. ఆమె చేతిలో గొప్ప యంత్ర మేదియు లేదు. కెమెరా సైతము లేకయే యీ కార్యము నెఱవేర్చినది. ఎండ, కాగితము, నీరు, ఓపిక, ఇవియే యామె సాధనములు.

2. నీటి యద్దము

తొలినాటి ఛాయాచిత్రకారులకు నీరు మిక్కిలి యాకర్షకమయ్యును మిక్కిలి కష్టమైన విషయము. నాటి పలకలకు వెలుతురు చాలసేపు తగులవలసి యుండుటచే గదలుచున్న యల చిత్రములో పొగవలె వచ్చెడిది. గుస్తావ్ లె గ్రే యను ఫ్రెంచి దేశస్థుడు 1856-57 సంవత్సరములలో అలలను మబ్బులను గూడ జూపు సముద్రచిత్రములను దీసి కీర్తిగాంచెను. సముద్రమునకు దగిన వెలుతురు నిచ్చినచో నాకాశము పూర్తిగా దెల్లబడిపోవుచుండుటచేత, అతడు కొన్ని చిత్రములలో నీటి కొక పలకయు ఆకాశమునకు మఱియొక పలకయు వాడి, రెంటిని కలిపి యొకే కాగితముపై నచ్చొత్తెను.

నీరు అద్దమువలె బ్రతిబింబమును జూపునని యెల్లరెఱుగుదురు. కాని యెప్పుడు చూపును, ఎప్పుడు చూపదు? చెఱువుగట్టున నిలిచి కాళ్లదాపున నీటిలోనికి జూచినచో నడుగునగల గులకరాళ్లు కనబడును. అదే నీటిని దూరముగ జూచినచో నాకాశమే కనబడును. నిట్టనిలువుగా బడిన వెలుతురులో నూటికి రెండు పాళ్లు మాత్రమే నీటి పైభాగము త్రిప్పి పంపును. వెలుతు రేటవాలుగా వచ్చినకొలది నా పాలు హెచ్చి, నీటిమట్టమును దాదాపుగా నొరసికొని వచ్చు వెలుతురు ఇంచుమించుగా నంతయు దిరిగివచ్చును. కావున దాటిచెట్ల ప్రతిబింబము కావలసినవారు గాలి లేని యుదయవేళ కెమెరాను నీటిమట్టమునకు దగ్గఱగా దింపవలయును.

ఇందులోనే ప్రాణములకు సంబంధించిన పాఠ మొకటి కలదు. నీటిలోనుండి గాలిలోనికి వచ్చు వెలుతురు వంగుటచేత, నిట్టనిలువుగా జూచినప్పుడు నీటి లోతు అసలు లోతులో మూడువంతు లున్నట్లు, అనగా నాలుగడుగుల లోతు మూడడుగులుగ, దోచును. గట్టునుండి యేటవాలుగ జూచినచో నింకను దక్కువగ దోచును. ఈటెతో చేపను పొడుచువాడు చేప కనబడినచోట గాక దాని క్రింద గుఱి చూచుట కిదియే కారణము. అడుగు కనబడుచున్నది గదా యని తెలియని గుంటలోనికి దిగిన బాలుడు తన కన్నులచేతనే మోసపోవుచున్నాడు. కనుక నీతరాని పిల్లలు కర్రతో లోతు చూడనిదే, పెద్దలు దోడులేనిదే, యే నీటను దిగరాదు. వక్రీభవనమును బరీక్షకొఱకు వల్లించుటకంటె నీ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొనుట మేలు.

3. సముద్రపు నీలిమ

దోసిట బట్టిన నీటికి రంగు లేదు, సముద్రము నీలము. ఆ నీలిమ యాకాశపు నీడయే యని రాలీ ప్రభువు మొదలగు గొప్ప శాస్త్రజ్ఞులు చెప్పిరి. 1921లో ఇంగ్లండునుండి యోడపై దిరిగివచ్చుచు మధ్యధరా సముద్రమును జూచిన చంద్రశేఖర వేంకటరామన్ గారి కీ మాట సరిపడలేదు. ఆయన బాల్యము విశాఖపట్టణపు దీరమున గడచినది. పదునొకండవ యేట నక్కడనే మెట్రిక్యులేషను ముగించెను. ఓడపై నాయనకడ నికల్ పట్టక మను చిన్న సాధన మొకటి యుండెను. నీటి పైభాగమునుండి తిరిగివచ్చు మెఱపును దానితో నడ్డగించి చూడగా, ఆకాశపు నీడ తొలగినను నీలిమ తొలగలేదు; మీదుమిక్కిలి చిక్కనయ్యెను. కావున రంగు నీటిలోపలినుండియే వచ్చుచున్నదని యాయన నిశ్చయించి, నీటియణువులు వెలుతురును వెదజల్లుటయే కారణమని వ్రాసెను. ఈ విచారణయే పెరిగి 1928లో రామన్ ఫలితమునకును, 1930లో నోబెలు బహుమానమునకును దారితీసినది. నీరు వెలుతురులోని యెఱ్ఱవన్నెను ఎక్కువగ మ్రింగివేయుటయు నీలిమకు ముఖ్యకారణమని తరువాతి పరిశోధనలవలన దేలినది.

నేడు ఛాయాచిత్రకారులు నీటిపై మెఱపును దొలగించి యడుగున నున్న చేపలను దీయుటకై కటకము ముందు బిగించు ధ్రువణ ఫిల్టరు పని, ఆనాడు రామన్ గారి చేతిలోని పట్టకము చేసిన పనియే. గొప్పవారి మాటయైనను గౌరవముతో విని, తన కంటితో బరీక్షించి చూచుట శాస్త్రజ్ఞుని ధర్మము.

4. బొట్టు చెప్పిన నిజము

ఇక మొదట నడిగిన ప్రశ్నకు వత్తము. ఆర్థర్ వర్దింగ్టన్ అను నింగ్లండు ఆచార్యుడు 1875 ప్రాంతమునుండి బొట్టు పడుటనే పరిశీలింప బూనెను. చీకటిగదిలో బాలబొట్టునో పాదరసపు బొట్టునో జార్చి, అది తగులు క్షణమున నొక విద్యుత్స్ఫులింగమును వెలిగించి, కంటిలో నిలిచిన రూపమును వెంటనే చేతితో వ్రాసెడివాడు. స్ఫులింగపు గాలమును గొంచెము గొంచెముగ వెనుకకు జరిపి, బొట్టు చదునై, అంచులు లేచి, కిరీటమువలె ముండ్లు వెలువడు దశలన్నియు వరుసగ వ్రాసెను. ఆ బొమ్మలు మిక్కిలి యందమైనవి. ప్రతి కిరీటమును గుండ్రముగ, ముండ్లన్నియు సమముగ నుండెను.

1894లో నా రూపములను ఛాయాచిత్రములుగ దీయుట కాయన సమర్థుడయ్యెను. పలకలను గడిగి చూడగా, సమమైన కిరీటము లెందును గానరాలేదు. ఒకవైపు ముల్లు పొడవు, ఒకవైపు పొట్టి; ఒకచోట నంచు వంకర, ఒకచోట తెగినది. తన పాత బొమ్మల కట్టలను మరల విప్పిచూడగా, వానిలోను వంకరవి చాల గలవు. బొట్టు సహజముగ సమముగనే పడునని మనస్సులో నిశ్చయించుకొనుటచే, వంకరవానిని తప్పిదములుగ నెంచి ప్రక్కకు ద్రోసి, చక్కనివానినే యచ్చు వేయించుచు వచ్చినట్లు తేలెను. ఇట్లు దాదాపు ఇరువది యేండ్లు గడచెను. ఆయన యీ సంగతిని దాచలేదు. 1908లో వెలువరించిన తన గ్రంథమున ఛాయాచిత్రములను యథాతథముగ బ్రకటించి, తన కన్ను తన్నెట్లు ఏమార్చినదో స్పష్టముగ జెప్పెను.

ఆయన మంచి విద్వాంసుడు, మంచి చిత్రలేఖకుడు, సత్యసంధుడు. అట్టివానికే కోరిన రూపము కన్నులకు గట్టినప్పుడు ఉన్న రూపము మఱుగుపడెను. మంచుస్ఫటికముల విషయమునను ఇట్టి జాగ్రత్త యవసరము. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున విల్సన్ బెంట్లీ యను రైతు 1885లో సూక్ష్మదర్శినికి గెమెరా నమర్చి, జీవితాంతమువఱకు నైదువేలకు మించిన మంచుస్ఫటికములను చిత్రించెను. ఆఱుకోణముల యా చిత్రములు లోకమును ముగ్ధముచేసినవి. కాని యవి యేరి తీసిన చక్కనివి; ఆకాశమునుండి రాలు మంచులో వంకరవే హెచ్చు. అందమైనదానిని ఏరుకొనుట దోషము కాదు. ఏరుకొంటిమని మఱచిపోవుటయే దోషము.

నేడు ప్రతి సెల్‌ఫోనునందును చిత్రమును నునుపుచేయు సాధనము లున్నవి. మడతలు లేని ముఖమును, నాచులేని చెఱువును నిమేషములో సృష్టింపవచ్చును. కావున వర్దింగ్టన్ కథ మనకు బాతబడలేదు. ప్రయోగశాలలో కొలత పుస్తకములోని యంకెతో సరిపడనప్పుడు అంకెను దిద్దు విద్యార్థియు, తన యూరి చెఱువు చిత్రమునుండి చెత్తకుప్పను దుడిచివేయు ఛాయాచిత్రకారుడును ఒక్కతీరువారే. కుప్ప చిత్రమునుండి పోవును గాని చెఱువునుండి పోదు.

5. చేయదగిన పరిశీలనములు

ఈ వ్యాసము చదివి యూరకుండక, విద్యార్థులు ఈ క్రింది పనులలో నొకటియైనను జేయుదురుగాక.

మొదటిది: ఒక పళ్లెరములో నీరు పోసి, జానెడెత్తునుండి బొట్లు జార్చుచు, తోచిన రూపమును వ్రాయుడు. పిదప కెమెరాతో దీసి, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, తేడాలను నిజాయితీగ గుర్తింపుడు.

రెండవది: తామరాకుమీది నీటిబొట్టును, మట్టికుండమీది చెమ్మను, చూరునుండి జాఱు వానబొట్టును చూచి భేదములు వ్రాయుడు. తామరాకుపై బొట్టు గుండ్రముగ నిలుచుటకు గారణము నుపాధ్యాయుని నడుగుడు.

మూడవది: మీ యూరి చెఱువునో బావినో యొకే చోట నిలిచి, నెలకొకమాఱు, ఒకే వేళ చిత్రము దీయుడు. తేదీని, నీటిమట్టమును వెనుక వ్రాయుడు. ఏ చిత్రమును దిద్దవలదు. పండ్రెండు చిత్రములు వరుసగ నుంచినప్పుడు, నీ రెప్పుడు వచ్చినదో, ఎప్పుడు తగ్గినదో, గట్టు నెవరు త్రవ్విరో, మురుగు ఎటనుండి కలియుచున్నదో తల్లిదండ్రులు సైతము స్పష్టముగ జూడగలరు. భూమిపై గల నీటిలో నూటికి తొంబదియేడు పాళ్లకు బైగా నుప్పునీరే. మిగిలిన స్వల్పభాగమున జాలవఱకు మంచుగ గడ్డకట్టియున్నది. మనము త్రాగు నీరు, పైరున కందు నీరు మిగిలిన యల్పాంశములోనిదే. దానిని గాపాడుటకు మొదటి మెట్టు దానిని ఉన్నదున్నట్లు చూచుట.

ఈ మూడవ పనిని ఒక తరగతివా రారంభించి తరువాతి తరగతివారికి అప్పగించినచో, పదియేండ్లలో మన పాఠశాలకడ నొక విలువగల నీటి చరిత్ర యేర్పడును. దానికి ఖరీదైన కెమెరా యక్కఱలేదు. తప్పక వెళ్లు కాళ్లును, దిద్దకుండ జూపు మనస్సును చాలును.