విశ్వవిద్యాలయ విద్యార్థి – మానసిక ఒత్తిడి

తెలుగులోని ‘ఒత్తిడి’ అనే మాట ‘ఒత్తు’ అనే క్రియ నుండి పుట్టింది. పైనుండి ఏదో బరువు అదుముతున్నదనే భావం అందులో ఉన్నది. కన్నడిగులు దీనినే ‘ఒత్తడ’ అంటారు. వంగభాషలోని ‘చాప్’ అనే మాటకు కూడ అదుముట అనియే అర్థం. హిందీలోని ‘తనావ్’ మాత్రం మరొక దృశ్యాన్ని కన్నులకు కట్టిస్తుంది. అది బిగించి లాగిన తాడును స్ఫురింపజేస్తుంది. ఒక భాష బరువును చూచింది, మరొక భాష బిగువును చూచింది. విశ్వవిద్యాలయ విద్యార్థి అనుభవంలో ఈ రెండూ ఉన్నవి. ఇంటివారి ఆశలు, చదువుకై చేసిన అప్పు, రాబోయే పరీక్ష అతనిని అదుముతుంటాయి. పుట్టిన ఊరు ఒక వైపు, చేరిన ఊరు మరొక వైపు అతని మనస్సును లాగుతుంటాయి.

ఇల్లు విడిచిన విద్యార్థి

కేంద్ర విశ్వవిద్యాలయాల పట్టభద్ర తరగతులలో ప్రవేశానికి 2022లో ఉమ్మడి పరీక్ష ఏర్పడింది. ఒకే పరీక్ష వ్రాసి, స్వరాష్ట్రానికి దూరంగా ఉన్న విశ్వవిద్యాలయంలో చేరే మార్గం దీనివలన సుగమమైనది. ఈ మార్గంలో ప్రయాణించే వారికి ఎదురయ్యే కష్టాన్ని తెలుసుకొనుటకు ఒక ఉదాహరణను ఊహించవచ్చు.

శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుండి ఒక యువకుడు ఉత్తర భారతంలోని విశ్వవిద్యాలయంలో చేరాడు. పాఠశాలలో అతడే ప్రథముడు. ఇక్కడ తరగతిలో ఉన్నవారందరూ తమ తమ పాఠశాలలలో ప్రథములే. ఉపన్యాసం ఆంగ్లంలో సాగుతూ, చమత్కారం వచ్చినప్పుడు హిందీలోకి మారుతుంది. అందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వారో తెలియక, తనను చూచియే నవ్వారేమోనని అతడు శంకిస్తాడు. జనవరి చలి అతనికి కొత్త. రాత్రి నిద్ర పట్టదు. మొదటి పరీక్షలో మార్కులు తగ్గాయి. ఆదివారం తల్లి ఫోనులో “తిన్నావా, నాయనా?” అని అడుగుతుంది. “తిన్నానమ్మా, బాగానే ఉన్నాను” అని అతడు బదులు చెబుతాడు. ఆ రోజు అతడు అన్నం ముట్టలేదు.

అస్సాం నుండి హైదరాబాదు వచ్చి చదివే విద్యార్థినికి ఇక్కడి కారం, వేసవి ఎండ, చెవికి కొత్తయైన భాష ఇటువంటి పరీక్షనే పెడతాయి. తల్లిదండ్రులతో ఆమె చెప్పే మాట కూడ బహుశా ‘బాగానే ఉన్నాను’ అన్నదే. కష్టం కంటె దానిని కప్పిపుచ్చే ఈ మాటయే ఎక్కువ హాని చేస్తుంది.

శరీరంలో జరిగే మార్పులు

ఒత్తిడి కేవలం మనస్సుకు సంబంధించిన భ్రమ కాదు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియల్ నగరంలో జరిపిన పరిశోధనల ఫలితాలను ప్రకటించాడు. చలి, గాయం, అతిశ్రమ మొదలైన వేర్వేరు బాధలకు శరీరం ఒకే తీరున స్పందిస్తుందని ఆయన గ్రహించాడు. ఈ స్పందనకు మూడు దశలు ఉన్నవి. మొదటిది హెచ్చరిక, రెండవది ప్రతిఘటన, మూడవది అలసట.

మొదటి దశలో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు చురుకుగా పనిచేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. ఎదురుగా పాము కనిపించినప్పుడు ఇది ప్రాణరక్షణకు తోడ్పడుతుంది. కాని పాము తొలగిపోతుంది, పరీక్షల భయం నెలల తరబడి నిలిచి ఉంటుంది. అప్పుడు శరీరం తన బలాన్నంతటినీ వెచ్చించి అలసిపోతుంది. కావున నిద్రలేమి, తలనొప్పి, అన్నం సహించకపోవుట సోమరితనానికి గాని, పిరికితనానికి గాని గుర్తులు కావు.

వీణ తీగె

ఒత్తిడి బొత్తిగా లేకుండుట కూడ వాంఛనీయం కాదు. అతితీవ్రమైన సాధనతో విసిగిన సోణుడనే భిక్షువుకు బుద్ధుడు వీణను ఉదాహరణగా చూపినట్లు బౌద్ధ గ్రంథాలలో ఉన్నది. తీగె మిక్కిలి బిగిసినా, మిక్కిలి వదులైనా నాదం పలుకదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో కూడ ఇటువంటి విషయమే తేలింది. కఠినమైన పనిని నేర్చుకొనుటకు మధ్యస్థమైన ప్రేరణయే మేలు చేసింది. కావున విద్యార్థి చేయవలసినది తీగెను త్రెంచుట కాదు, శ్రుతి చేసుకొనుట.

రెండు మార్గాలు

లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లో ప్రచురించిన గ్రంథంలో ఒత్తిడిని ఎదుర్కొనే విధానాలను రెండుగా విభజించారు. సమస్యనే మార్చుట ఒకటి. సమస్య వలన కలిగే ఆవేదనను అదుపులో ఉంచుకొనుట రెండవది.

విద్యార్థి ఒక కాగితంపై తన చింతలన్నింటినీ వ్రాసి, తాను మార్చగలవానిని ఒక వైపు, మార్చలేనివానిని మరొక వైపు ఉంచవచ్చు. అర్థంకాని పాఠం మార్చగలిగినది. అధ్యాపకుని అడుగవచ్చు, సహాధ్యాయితో కలిసి చదువవచ్చు, పెద్ద పనిని రోజుకు కొంతగా పంచుకోవచ్చు. చలి, వెలువడిన మార్కులు మార్చలేనివి. వాటివలన కలిగే బాధకు నడక, ఆటలు, నెమ్మదిగా ఊపిరి విడుచుట, స్నేహితులతో సంభాషణ ఉపశమనం ఇస్తాయి. పరీక్ష ముందు రాత్రంతా మేలుకొనుట లాభంగా తోచవచ్చు. కాని చదివిన విషయం జ్ఞాపకంలో స్థిరపడుటలో నిద్రకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. నిద్ర మానిన విద్యార్థి తాను చదివిన దానినే పోగొట్టుకుంటాడు.

సహాయం కోరుట

దిగులు, నిరాశ, నిద్రలేమి రెండు వారాలకు మించి నిలిచినా, బ్రతుకుపై విరక్తి కలిగినా స్వయంకృషి ఒక్కటే చాలదు. వెంటనే వైద్యుని గాని, మనస్తత్వ సలహాదారుని గాని కలవాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారందరి కారణాలు ఒక్కటి కావు. అయినను, సకాలంలో చెప్పుకొనుటకు ఒక మనిషి, వినుటకు ఒక చెవి ఎంత అవసరమో ఈ సంఖ్య తెలుపుతున్నది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో కరుణతో వ్యవహరించింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి, వేరుగా ఋజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 115వ విభాగం నిర్దేశించింది. విశాఖపట్నంలో చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని వ్యవహారంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, 100 మంది గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హుడైన సలహాదారు ఉండాలని ఆదేశించింది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ సేవను 14416 అనే నంబరుపై ఏ వేళనైనను ఉచితంగా పొందవచ్చు. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో ఈ సేవ లభిస్తుంది. దుఃఖం పరభాషలో సులభంగా పలుకదు గనుక ఇది గొప్ప సౌకర్యం.

చట్టం, సంస్థ, ఫోను నంబరు ఇవన్నీ అవసరమే. వీటికంటె ముందు విద్యార్థికి దగ్గరగా ఉండేది పక్క మంచం మీది సహాధ్యాయి. పైన చెప్పిన యువకుని గదిలో బీహారుకు చెందిన విద్యార్థి ఉన్నాడనుకొన్నచో, మిత్రుడు రెండు పూటలుగా భోజనశాలకు రాలేదని మొదట గమనించేది అతడే. “ఏమైంది భాయీ?” అని అడుగుటకు వ్యాకరణం అక్కరలేదు. తడబడే హిందీలోనైనా ఆ యువకుడు తన బాధను చెప్పగలిగితే, సలహాదారు గది వరకు ఇద్దరూ కలిసి నడువగలరు. తరువాతి ఆదివారం తల్లి అడిగినప్పుడు, “ఈ వారం కష్టంగా గడిచిందమ్మా, ఇప్పుడు కొంచెం నయం” అని అతడు నిజం చెప్పగలడు. అనేక భాషల వారు ఒకే కప్పు క్రింద నివసించే విశ్వవిద్యాలయంలో సమైక్యత ఇటువంటి చిన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.