సముద్రపు ప్లాస్టిక్ గుండీలు, జిప్పులు: సరుకుతోబాటు కాగితం కూడా చూడాలి

చొక్కాకు గుడ్డ ఎంత అవసరమో గుండీ, జిప్పు, లేబులు, నాడా, కుట్టుదారం కూడా అంతే అవసరం. దుస్తుల వ్యాపారంలో వీటిని ట్రిమ్స్ అంటారు. గుండీలు గ్రోసు లెక్కన, జిప్పు టేపు మీటరు లెక్కన, లేబుళ్లు వేల లెక్కన బేరమవుతాయి. సముద్రపు ప్లాస్టిక్ వ్యర్థంతో తయారైన ట్రిమ్స్ కావాలని విదేశీ కొనుగోలుదారులు కొందరు అడుగుతున్నారు. అటు చెన్నైకి, ఇటు బెంగుళూరుకు నడుమ ఉన్న తిరుపతి, చిత్తూరు వర్తకులు ఈ సరుకులోని తేడాలు తెలుసుకోవడం మంచిది.

పేరు ఒకటి, రకాలు మూడు

మొదటిది నిజంగా సముద్రంలో తేలుతూనో, ఒడ్డుకు కొట్టుకు వచ్చో దొరికిన ప్లాస్టిక్. ఎండకు, ఉప్పుకు ఇది పెళుసెక్కుతుంది గనుక నాణ్యమైన నూలుకు ఒంటరిగా పనికిరావడం కష్టం. రెండవది పాత చేపల వలలు. వీటిలో నైలాన్-6 రకాన్ని రసాయనికంగా విడదీసి మళ్లీ కొత్త నైలాన్‌గా చేయవచ్చును. ఇటలీకి చెందిన అక్వాఫిల్ సంస్థ 2011 నుంచి ఎకోనిల్ పేరుతో తయారుచేస్తున్న నూలుకు ఇలాంటి వలలు ఒక ముడిసరుకు. మూడవది సముద్రంలో కలియకముందే తీరప్రాంతంలో ఏరిన ప్లాస్టిక్. జపాన్ జిప్పుల సంస్థ వైకెకె శ్రీలంక తీరానికి 50 కిలోమీటర్ల లోపల సేకరించిన ప్లాస్టిక్‌తో జిప్పులు తయారుచేసింది. సముద్రపు ప్లాస్టిక్ పేరుతో బజారుకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఈ మూడవ రకమే.

50 కిలోమీటర్ల గీత

ఈ దూరానికి మూలం 2015లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం. తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపల నివసించే జనాభాను లెక్కలోకి తీసుకొని, 2010 ఒక్క సంవత్సరంలో 48 లక్షల నుంచి 127 లక్షల టన్నుల ప్లాస్టిక్ సముద్రంలో చేరిందని అందులో అంచనా వేశారు. తర్వాత వ్యాపారంలోనూ ఇదే గీత నిలిచింది.

పాత చిత్తూరు జిల్లాకు సముద్రతీరం లేదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో పులికాట్ ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు చేరాయి. ఆ ఊళ్లు గీత లోపల ఉన్నాయి. తిరుపతి నగరం మాత్రం సముద్రానికి సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. నగరి, పుత్తూరు, చిత్తూరు కూడా గీత వెలుపలివే. కాబట్టి సూళ్లూరుపేటలో ఏరిన నీళ్ల సీసా ఈ లెక్కలోకి రాగలదు, తిరుపతి బస్టాండులో ఏరిన అదే సీసా దూరం లెక్కన రాదు. కొన్ని ధ్రువీకరణ పద్ధతులలో నదిలోను, గట్టు నుంచి 200 మీటర్ల లోపలను ఏరిన సరుకుకు వేరే తరగతి ఉంది. స్వర్ణముఖి గట్టు సరుకు విషయం ఆ నిబంధన చూసి తేల్చుకోవాలి.

ఏ ప్లాస్టిక్ దేనికి?

నీళ్ల సీసా పెట్ రకం. దానిని కడిగి, ముక్కలు చేసి, కరిగించి పాలియెస్టర్ నూలు తీస్తారు. జిప్పు టేపు, నేత లేబులు, కుట్టుదారం దీనితోనే వస్తాయి. సీసా మూత వేరే జాతి. అది నీటిలో తేలుతుంది, పెట్ ముక్క మునుగుతుంది. తొట్టిలో వేరుచేసే కిటుకు ఇదే. పి.వి.సి. ముక్కలు కొద్దిగా కలిసినా, పెట్ కరిగే 250 డిగ్రీల పైచిలుకు వేడికి అవి చెడి ఆమ్లం వదులుతాయి, నూలు పచ్చబడుతుంది.

గుండీల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. మామూలు పాలియెస్టర్ గుండీ రెసిన్ గట్టిపడగా తయారయ్యేది. దానిని మళ్లీ కరిగించలేరు. కనుక పాత ప్లాస్టిక్ గుండీ అంటే సాధారణంగా అచ్చులో పోసిన వేరే రకం. ఇస్త్రీ వేడికి, ఉతుకుడుకు నమూనా పరీక్షించి తీరాలి.

తూకంలో తరుగు

ఉదాహరణకు కిలో 30 రూపాయల చొప్పున 1,000 కిలోల సీసాలు కొన్నారనుకుందాం. ఇసుక, తేమ, మూతలు, చుట్టిన కాగితాలు కలిసి 30 శాతం పోతే నికరంగా 700 కిలోలు మిగులుతాయి. అసలు ఖరీదు కిలోకు సుమారు 43 రూపాయలు పడుతుంది. కడిగే ఖర్చు, రవాణా దీనికి అదనం. తీరపు సరుకులో ఇసుక ఎక్కువ గనుక తరుగు శాతం ముందే ఒప్పందంలో రాసుకోవాలి.

అసలు ప్రమాదం

కరిగిన తర్వాత సీసా ఎక్కడిదో చెప్పగల మామూలు పరీక్ష లేదు. తీరపు సరుకుకు ఎక్కువ ధర వస్తున్నప్పుడు లోపలి ఊళ్ల సీసాలు కలపాలనే ఆశ కలగడం సహజం. నష్టం లెక్క చూస్తే ఆ ఆశ నిలవదు. 400 రూపాయల చొక్కాకు 50 పైసల లేబులు అనుకుంటే, 10,000 చొక్కాలకు లేబుళ్ల ఖరీదు 5,000 రూపాయలు. లేబులు మీది మాట అబద్ధమని తేలితే తిరిగివచ్చేది 40 లక్షల రూపాయల సరుకు.

చట్టం కూడా బిగుస్తున్నది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన ఆదేశం ప్రకారం, రుజువు లేని పర్యావరణ గొప్పలపై నిషేధం 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. మన దేశంలో 2019 సవరణతో ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతికి ప్రత్యేక ఆర్థిక మండలాలకున్న వెసులుబాటు కూడా తొలగింది. విదేశీ తుక్కుతో లోటు పూడ్చుకోవచ్చునని లెక్కవేయరాదు.

బేరానికి ముందు

ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎంత తూకం ఏరారో చెప్పే సేకరణ చీటీ అడగాలి. చేతులు మారిన ప్రతిసారీ తూకం సరిపోవాలి. కొన్నదానికన్నా అమ్మినది ఎక్కువగా ఉంటే అక్కడే ఆగాలి. గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన సరుకు సముద్రానిదని కాదు. అది పాత ప్లాస్టిక్ అని మాత్రమే చెబుతుంది. ఆ ప్రమాణానికి కనీసం 20 శాతం పాత సరుకు, వినియోగదారుకు కనబడేలా గుర్తు వేయడానికి 50 శాతం అవసరం. నియమాలు మారుతుంటాయి గనుక ఆర్డరు తేదీనాటివి చూసుకోవాలి.

రుజువు చాలని సరుకును 'పాత ప్లాస్టిక్‌తో చేసినది' అని అమ్మితే ధర తగ్గవచ్చు గాని బేరం నిలుస్తుంది. సముద్రం పేరు పెట్టి అమ్మదలచినవారు తీరం నుంచి కార్ఖానా దాకా ప్రతి చీటీ దగ్గర ఉంచుకోవాలి.