నోరు తెరవకయే కాటువేయు పాము

ఆఫ్రికా ఖండపు పాములనగానే పలువురికి స్ఫురించునవి మాంబా, విషమును చిమ్ము నాగుపాము మొదలైనవి. అయితే అచట అంతగా పేరు వినబడని చిన్న పాము వేరొకటి కలదు. దానిని ఆంగ్లమున స్టిలెట్టో పాము అందురు. స్టిలెట్టో అనగా సన్నని బాకు. ఆ పేరేల వచ్చినదో, దాని కథ వలన మన గ్రామములు నేర్వదగినదేమో ఈ పాఠమున వివరింపనెంచినాము.

రూపము, నివాసము

ఈ పాములలో ఇంచుమించు 20 జాతులు కలవు. ఇవి సహారా ఎడారికి దక్షిణముననున్న దేశములలోను, అరేబియా ప్రాంతమున కొన్ని చోట్లను నివసించును. సాధారణముగా మూరెడు, మూరెడున్నర పొడవు, నలుపు లేక ముదురు గోధుమ రంగు, చిన్న కన్నులు, మెడకన్న వెడల్పు కాని తల. పడగ లేదు, బుస అంతగా లేదు. పగలు మట్టిలో దాగియుండి, రాత్రివేళ, ముఖ్యముగా వాన కురిసిన పిమ్మట, పైకి వచ్చును.

1860 మొదలు మదరాసు రాజధాని నుండి చెరకు తోటల పనికై నేటాలుకు పోయిన కూలీలలో తెలుగువారును కలరు. వారి సంతతివారు నేటికిని నివసించుచున్న క్వాజులు-నేటాల్ రాష్ట్రమున ఈ పాము కాట్లు అరుదు కావు.

కోరల వింత

ఈ పాము కోరలు తలకు మించిన పొడవుగా తోచును. నోరు మూసియుండగనే ఒక ప్రక్క కోరను పెదవి అంచునుండి వెలికి చాచి, తలను ప్రక్కకును వెనుకకును విదిలించి పొడుచును. ఎలుక కలుగులో నోరు తెరచుటకు చోటుండదు. అచట పిల్లలను పొడిచి చంపుటకు ఈ ఏర్పాటు అనుకూలము.

పాములు పట్టువారు మెడ వెనుక వ్రేళ్లతో అదిమి పట్టుట మనమెరిగినదే. ఈ పాము విషయమున ఆ నేర్పు పనికిరాదు. ఎట్లు పట్టినను కోర వ్రేలికి తగులును. నిరపాయమైన పామని భ్రమించి చేతికెత్తుకొన్నవారును, చీకటిలో వట్టి కాళ్లతో త్రొక్కినవారును, నేలపై నిద్రించువారును దీని కాటునకు గురియగుచున్నారు.

విషము చేయు హాని

కాటుపడిన వెంటనే తీవ్రమైన నొప్పి, వాపు కలుగును. పిమ్మట పొక్కులు లేచి, కండ చచ్చిపోవచ్చును. వ్రేలు పోగొట్టుకొన్నవారును కలరు. దక్షిణ ఆఫ్రికా జాతి సాధారణముగా ప్రాణము తీయదు. కాని వేరు కొన్ని జాతుల వలన మరణములు సంభవించినవి. ఇజ్రాయెల్ ప్రాంతపు జాతి విషమున సరాఫోటాక్సిన్ అను పదార్థము కలదు. అది గుండెకు రక్తము చేర్చు నాళములను బిగియజేయును. 1988లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనినదియు, మన శరీరమునందును ఉన్నదియునగు ఎండోథెలిన్ అను పదార్థమును ఇది మిక్కిలి పోలియున్నది.

ఈ పాము కాటునకు విరుగుడు మందు లభించుట లేదు. నొప్పి తగ్గించి, పుండును కాపాడి, గుండెను కనిపెట్టియుండుటయే వైద్యులు చేయగలది.

మనకు పాఠము

విరుగుడు మందు అన్ని పాములకు ఒక్కటి కాదు. ఏ పాము విషముతో తయారైనదో ఆ పాము కాటుకే అది ప్రధానముగా పనిచేయును. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషములకు తయారైనది. అట్టి మందుండియు సకాలమున ఆసుపత్రి చేరక ప్రాణములు పోగొట్టుకొనుట మరింత శోచనీయము. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటు వలన ఇంచుమించు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది. వారిలో అత్యధికులు గ్రామవాసులే. ఈ మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని భారత ప్రభుత్వము 2024లో కార్యప్రణాళిక ప్రకటించినది.

వేరొక సంగతి గమనింపుడు. స్టిలెట్టో పాము కాటు భరింపరాని నొప్పి కలిగించియు తరచు ప్రాణము తీయదు. మన కట్లపాము కాటు ఒక్కొక్కప్పుడు నొప్పియే లేక ప్రాణము తీయును. కావున నొప్పిని బట్టి ప్రమాదమును కొలువరాదు.

పంచాయతీ సభ్యులు చేయవలసినవి

1. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉన్నదో ముందుగనే విచారించి, గ్రామమున అందరికిని తెలియజేయవలెను. రాత్రివేళ వాహనము ఎవరిదో నిర్ణయించియుంచవలెను.

2. కాటుపడినవారిని కదలనీయక, ఉంగరములు, గాజులు తీసివేసి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. గట్టిగా కట్టుట, కోయుట, నోటితో పీల్చుట, మంత్రమునకై కాలము గడపుట కూడదు.

3. మంచముపై, దోమతెరలో నిద్రించుటను, రాత్రివేళ దీపముతోను చెప్పులతోను నడచుటను ప్రోత్సహింపవలెను. ఇండ్ల ప్రక్కనున్న చెత్తకుప్పలను, ఎలుక కలుగులను తొలగింపవలెను.

4. పాము చిన్నదైనను, చచ్చినట్లు కనబడినను, చేతితో తాకరాదని బాలురకు బోధింపవలెను.

రాబోవు పంచాయతీ సమావేశమున ఈ నాలుగు విషయములను చర్చించి, మొదటిదానిని ఆనాడే నెరవేర్పవలెనని కోరుచున్నాము.