దానిమ్మకాయ వంటి బ్యాటరీ

మీ ఇంట్లో ఫోనుకు రోజూ ఛార్జి పెడతారు కదా! అందులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీనిని 1991లో జపాను దేశపు సోనీ సంస్థ మొదటిసారిగా అమ్మకానికి తెచ్చింది.

ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు బ్యాటరీలోని ధనధ్రువం నుండి బయలుదేరి ఋణధ్రువంలో చేరతాయి. ఫోను వాడుతూ ఉంటే తిరిగి వెళ్తాయి. ఋణధ్రువాన్ని సాధారణంగా గ్రాఫైటుతో చేస్తారు. పెన్సిలు ములుకులోని నల్లని పదార్థం అదే.

గ్రాఫైటులో ఒక్క లిథియానికి చోటు కావాలంటే ఆరు కార్బన్ పరమాణువులు ఉండాలి. సిలికాన్ అలా కాదు. దాని ఒక్కొక్క పరమాణువు దాదాపు నాలుగు లిథియం పరమాణువులను పట్టుకోగలదు. బరువుకు బరువు చూస్తే గ్రాఫైటు కంటే సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ నిల్వ చేస్తుంది. పైగా అది ఇసుకలో ఉండే మూలకం, కొరత లేదు. మరి గ్రాఫైటు తీసి సిలికాన్ పెట్టవచ్చును కదా?

అక్కడే ఉంది చిక్కు. లిథియం చేరితే సిలికాన్ ఉబ్బి మూడు, నాలుగు రెట్లు అవుతుంది. లిథియం వెళ్ళిపోతే కుంచించుకుపోతుంది. ఇలా పదే పదే జరిగి, పగిలి పొడి అవుతుంది. విడిపోయిన ముక్కలకు విద్యుత్తు అందదు. ఇంకొక నష్టం కూడా ఉంది. సిలికాన్ మీద సహజంగా ఒక పలుచని పొర కడుతుంది. పొర మంచిదే, కాపుదలగా ఉంటుంది. కాని సిలికాన్ ఉబ్బినప్పుడల్లా అది చిట్లుతుంది. కొత్త పొర కడుతుంది. ప్రతిసారీ కొంత లిథియం దానికే ఖర్చయిపోతుంది.

ఇడ్లీపిండి పులియబెట్టేటప్పుడు అమ్మ గిన్నె నిండా పోయదు, పొంగడానికి చోటు వదులుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో యీ త్సుయ్ అనే ఆచార్యుని బృందం చేసినదీ అటువంటి పనే. 2014లో వారు అతి చిన్న సిలికాన్ రేణువులను తీసుకొన్నారు. ఒక్కొక్క రేణువును ఒక్కొక్క కార్బన్ గూటిలో, చుట్టూ ఖాళీ వదిలి ఉంచారు. ఆ గూళ్ళను గుత్తిగా చేర్చి, పైన మరొక కార్బన్ తొడుగు వేశారు. అచ్చం దానిమ్మకాయే! రేణువు ఉబ్బినా గూటిలోనే ఉబ్బుతుంది. పొర బయటి తొడుగు మీద కడుతుంది కనుక చిట్లదు. 1000 సార్లు ఛార్జి చేసి వాడిన తరువాత కూడా అది 97 శాతం సామర్థ్యాన్ని నిలుపుకొంది.

అయితే గిన్నెలో వదిలిన చోటుకు ఖర్చు లేదు. బ్యాటరీలో ఖాళీ చోటు ఎంతో విలువైనది. ఇంత చిన్న గూళ్ళు కట్టడమూ ఖర్చుతో కూడిన పని. అందుచేత సిలికాన్ వాడే బ్యాటరీలలో చాలా వాటిలో నేటికీ గ్రాఫైటే ఎక్కువ. అందులో కొద్దిగా సిలికాన్ కలుపుతారు.

అభ్యాసం

1. పొర మాటిమాటికీ చిట్లితే బ్యాటరీకి ఏమి నష్టం?
2. దానిమ్మకాయను అడ్డంగా కోసి బొమ్మ గీయండి. సిలికాన్ రేణువు, కార్బన్ గూడు, బయటి తొడుగు దేనికి ఏది సరిపోతుందో గుర్తించండి.